లిఫ్టు ఆగిపోతుందని ముందే చెప్పిన మనిషి

మా మ్యూజియంలో వస్తువుల భద్రత చూసే పెద్దమనిషికి ఒకే ఒక్క అలవాటు. ఏ పనైనా చెడిపోయిందని ముందు ప్రకటిస్తారు, ఆ తర్వాతే మొదలుపెడతారు. పొద్దున్నే ఆయన నోట వచ్చే మొదటి మాట "మునిగాం". అందుకని అందరం ఆయన్ని మునిగాంగారనే పిలుస్తాం. మొదట్లో చాటుగా పిలిచేవాళ్ళం, ఇప్పుడు ఎదురుగానే.

టీ ఇస్తే కప్పులోకి చూసి "చల్లారిపోతుంది" అంటారు. పెళ్ళికి పిలిస్తే "వాన పడుతుంది" అంటారు. ఇంట్లోనూ ఇదే వరస. "మొదటిసారి మాట్లాడుకున్న రోజే, 'మీరు నన్ను వద్దంటారులెండి' అన్నారమ్మా. జాలేసి ఊఁ అన్నాను" అని వాళ్ళావిడ నాతో చెప్పి నిట్టూర్చింది.

ఈసారి మ్యూజియం ఉత్సవానికి అందరూ రావాలని డైరెక్టరుగారు సంకల్పించారు. "నడవలేనివాళ్ళు, చూపులేనివాళ్ళు, వినపడనివాళ్ళు, ఎవరూ గుమ్మం దగ్గర ఆగిపోకూడదు" అన్నారు. చప్పట్లు కొట్టాం. మునిగాంగారు కొట్టలేదు.

"మునిగాం. ఇన్నాళ్ళూ పిలవలేదు కాబట్టి వాళ్ళు రాలేదు. ఇప్పుడు పిలిచి మరీ గుమ్మం దగ్గర ఆపుతాం."

"మీ నోటికి మంచిమాట రాదా?" అన్నారు డైరెక్టరుగారు.

"వస్తుందండీ. వచ్చేసరికి అవసరం ఉండదు."

ఆయన నోటి చలవో ఏమో, పనులన్నీ అలాగే సాగాయి. మెట్ల పక్కన చక్రాల కుర్చీల కోసం చక్కటి ర్యాంపు కట్టించాం. అలంకరణవాళ్ళు దానికి రెండువైపులా పూలకుండీలు పేర్చారు. ఇక దానిమీద కుర్చీ కాదు కదా, కాస్త బొద్దుగా ఉన్న మనిషి కూడా పక్కకి తిరిగి నడవాల్సిందే. మునిగాంగారు వాటిని ఒక్కొక్కటే ఈడ్చి పక్కన పెట్టేవారు. మర్నాటికి మళ్ళీ బారులు తీరేవి.

చూపులేనివాళ్ళ కోసం బ్రెయిలీ పలకలు ఎంతో శ్రమపడి చేయించాం. ప్రదర్శన అమరిక చూసే అధికారిణి వాటిని ఒక్కో వస్తువు పక్కనే, గాజు పెట్టెలో పెట్టి తాళం వేయించింది.

"వేళ్ళతో చదివే పలక గాజు లోపలెందుకమ్మా?" అన్నారు మునిగాంగారు.

"బయట పెడితే అందరూ ముట్టుకుంటారు సార్."

ఆయన గోడ వైపు తిరిగి, దానికే "మునిగాం" అని చెప్పుకున్నారు.

వినపడనివాళ్ళ కోసం ఉపన్యాసాన్ని సైగల్లో చెప్పే ఆవిడని, వేదిక మీద చోటు లేదని స్తంభం వెనక నిలబెట్టారు. దాంతో నాకూ ఆశ పోయింది. బెంగ కూడా పట్టుకుంది, ఎందుకంటే మా పిన్ని వస్తానంది.

పిన్ని ఊహ తెలిసినప్పటి నుంచి బట్టలు కుట్టిన మనిషి. మోకాళ్ళు పోయాక చక్రాల కుర్చీలోనే కూర్చుని కుడుతోంది. మా పై అంతస్తులో ఒక పాతకాలపు కోటు ఉంది. బయట ఎక్కడా కుట్టు కనిపించదు. "కనిపించకపోతే లోపలుంటుంది కదే, అది చూడాలి" అంటుంది పిన్ని. వెలుతురుకి గుడ్డ పాడవుతుందని, ఈ ఉత్సవం అవగానే కోటును పెట్టెలో పెట్టి చీకటి గదిలో దాచేస్తారు. మళ్ళీ ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలీదు. లోగడ పిన్ని ఒకసారి వస్తే, లిఫ్టు పనిచేయక, నలుగురు కలిసి ఆమెని కుర్చీతో సహా మెట్లెక్కించబోయారు. జనం చుట్టూ మూగి ఫోటోలు తీశారు. "కోటు మానేసి అందరూ నన్నే చూశారే" అని, సగంలో దింపించుకుని వెళ్ళిపోయింది. ఇక జన్మలో ఎవరి చేతా ఎత్తించుకోనంది.

సంగతంతా మునిగాంగారికి చెప్పాను.

"లిఫ్టు ఆగిపోతుంది" అన్నారు.

"అయితే రావద్దని చెప్పనా?"

"రమ్మనండి. ఆగిపోతుందని కూడా చెప్పండి. చెప్పకుండా పిలిస్తే మోసం."

పిన్నికి చెప్పాను. "ఉన్నమాట చెప్పాడు, వస్తాను" అంది.

ఉత్సవం రోజు పిన్ని వచ్చేసరికి ర్యాంపు మీద కుండీలు తయారు. మునిగాంగారు వాటిని కాలితో నెట్టి దారి చేశారు. పిన్నితోపాటు లిఫ్టులోకి తనూ ఎక్కారు, చంకలో పెద్ద అట్టపెట్టెతో.

"మీరెందుకండీ?" అన్నాను.

"ఆగినప్పుడు పక్కన ఒక మనిషుండాలి."

నాకు లోపల చోటు లేక మెట్లెక్కి వెళ్ళాను. పైన ఎంతసేపు చూసినా లిఫ్టు రాలేదు. నడిమధ్యలో నిలబడిపోయింది. ఇంతలో కాపలాదారు ఒగరుస్తూ వచ్చాడు. కోటు పెట్టె ఖాళీ. కోటు లేదు. జనం మాత్రం ఖాళీ గాజు పెట్టె ముందు భక్తిగా నిలబడి తలలూపుతున్నారట.

డైరెక్టరుగారు మెట్ల మీద కూలబడి, "మునిగాం" అన్నారు.

మెకానిక్కుకి కబురు పంపి, నేను లిఫ్టు తలుపు సందులో నోరు పెట్టాను.

"పిన్నీ, కంగారు పడకు."

"కంగారెందుకే? కాస్త మాట్లాడకుండా ఉండు."

"గాలాడుతోందా?"

"ఆడుతోంది గానీ, నువ్వు పోయి ఏదైనా పని చూసుకో."

ఆవిడకి మతిపోయిందేమోనని నాకు ఏడుపొచ్చింది. మెకానిక్కు వచ్చి, తిట్టుకుంటూ, కొట్టుకుంటూ, ఎలాగో లిఫ్టుని పైకి లాగి తలుపు తెరిచాడు.

పిన్ని ఒళ్ళో తెల్లటి దుప్పటి. దాని మీద మా కోటు, లోపలి వైపు బయటికి తిప్పి ఉంది. ఆవిడ చేతులకి తెల్లటి తొడుగులు. మునిగాంగారు నేలమీద చతికిలబడి, గుడ్డకి దూరంగా చిన్న టార్చి పట్టుకుని ఉన్నారు.

"ఎవరి అనుమతితో తీశారు?" అన్నారు డైరెక్టరుగారు.

"అడిగితే ఇవ్వరని తెలుసండీ. అందుకే అడగలేదు" అన్నారు మునిగాంగారు లేవకుండానే. "పైకి చేరతామన్న నమ్మకం నాకు లేదు. చేరినా గాజులోంచి లోపలి కుట్టు కనిపించదు. అందుకని కోటునే ఎక్కించుకున్నాను. నా ఉద్యోగం ఎలాగూ పోతుంది, ఆవిణ్ణి చూడనివ్వండి."

పిన్ని తల ఎత్తలేదు.

"ఆ తలుపు వేసేయండి బాబూ, వెలుతురు పడుతోంది. ఇంకా ఎడమ చెయ్యి చూడలేదు."

డైరెక్టరుగారు ఆవిడ వైపు చూశారు. కోటు వైపు చూశారు. చివరికి మెకానిక్కు వైపు చూశారు.

"మూస్తే మళ్ళీ తెరుచుకుంటుందని నేను చెప్పలేనండీ" అన్నాడతను.

"ఫరవాలేదు" అన్నారు లోపలివాళ్ళిద్దరూ ఒకేసారి.

డైరెక్టరుగారే తలుపు మూసే బటను నొక్కారు.