ముందు సీటు దిగి యారాడ కొండకు

మా ఇంటి జీపులో ముందు సీటు నాది, నా ఒళ్ళో కూర్చునే నాలుగేళ్ళ కూతురు భార్గవిది. జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్ళలో ఇది వింత సంగతి కాదు. పార్టీల పగలున్న ఇళ్ళలో మగవాళ్ళు కోర్టు వాయిదాకో, పెళ్ళికో కదిలితే డ్రైవరు పక్కన బిడ్డతో ఒక ఆడమనిషిని కూర్చోబెడతారు. ఆడవాళ్ళ మీద, బిడ్డల మీద బాంబు వేయరాదన్నది రెండు పక్షాలూ ఒప్పుకున్న నీతి. ఆ నీతిని ముందు అద్దానికి అడ్డం పెట్టుకుని మా మామ, మా ఆయన, వాళ్ళ మనుషులు వెనక కూర్చుంటారు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ పులివెందుల దారిని నేను ఆ అద్దంలోంచే చూశాను.

పోయిన ఎన్నికల తర్వాత ముద్దనూరు దాటిన చోట ఎవరో విసిరిన రాయి ఆ అద్దాన్ని పగలగొట్టింది. రాయి కాబట్టి సరిపోయింది. భార్గవి జుట్టులోంచి గాజు పెంకులు ఏరడానికి ఒక పూట పట్టింది. ఆ తర్వాత మా ఆయన బిడ్డకు ఒక ఆట నేర్పాడు. ఆయన "టప్" అంటాడు. బిడ్డ వెంటనే తల మోకాళ్ళలో దాచుకుని వంగాలి. వంగితే పిప్పరమెంటు బిళ్ళ ఇస్తాడు. కొద్దిరోజులకే పిప్పరమెంటుతో పని లేకుండా పోయింది. తలుపు గాలికి కొట్టుకున్నా, పక్కింట్లో బిందె జారిపడినా భార్గవి వంగేది.

ఎండాకాలంలో మళ్ళీ పులివెందుల వాయిదా వచ్చింది. అన్నం తింటూ మామ, "ఎల్లుండి పొద్దున్నే తయారుగా ఉండండమ్మా" అన్నాడు.

"ఈసారి బిడ్డ రాదు మామా. నేనూ రాను."

"రాకుండా యాడికి పోతావు?"

"సముద్రం చూడను పోతా."

మామ పెద్దగా నవ్వాడు. "సముద్రంలో మనకేం పనుందమ్మా? ఎవురన్నా వాయిదాకు పిలిచినారా?"

"పిలిచినారు." అది నిజమే. ప్రొద్దుటూరు కాలేజీలో నాతో చదివిన సరస్వతి విశాఖపట్నంలో టీచరుగా పనిచేస్తోంది. రాసిన ప్రతి ఉత్తరంలోనూ, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ ఒకటుంది, వచ్చి చూసిపొమ్మని పిలుస్తూనే ఉంది. కోడలిని చెయ్యి పట్టుకుని ఆపడం మా మామకు పరువు తక్కువ. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు తెల్లవారుజామున మా ఆయన సంచి మోసుకుని బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. తండ్రికి ఎదురుగా ఆయన అంతకంటే చేయలేడు. నాకు అది చాలు.

ఆరు గంటలకు ప్రొద్దుటూరు బస్సు కదిలింది. పక్క సీట్లో గాజుల బుట్టతో ఒక ముస్లిం ఆమె. బిడ్డనూ నన్నూ ఎగాదిగా చూసింది.

"ఒక్కదానివే పోతాండావా? ఎంట మగోళ్ళు ల్యారా?"

"మగోళ్ళు లేకుంటేనే దోవ సుఖంగా ఉంటాదక్కా."

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. రెండు చిన్న గాజులు తీసి భార్గవి చేతికి వేసి, "పోయిరాపో" అంది.

ప్రొద్దుటూరులో ఇడ్లీ తిని, యర్రగుంట్ల బస్సెక్కాం. పదిన్నరకు వచ్చిన రైలు సాయంత్రం లోపల రేణిగుంటలో దింపింది. విశాఖ బండి రాత్రికి. ఈ దారిన వెళ్ళాలనుకునే తల్లులకు ఒక మాట: రేణిగుంట నుంచి బెర్తు ముందుగానే చేయించుకోండి. జనరల్ పెట్టెలో బిడ్డతో కష్టం. నీళ్ళ సీసా రెండు ఉంచుకోండి.

మా ఎదుటి బెర్తులో సామర్లకోట వర్తకుడు ఒకాయన. ఊరి పేరు అడిగాడు. చెప్పాను.

"అమ్మో, కడప జిల్లానా! సంచిలో బాంబులేమైనా ఉన్నాయా అండీ?" అని కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. పెట్టెలో అందరూ నవ్వారు.

"ఉన్నాయన్నా" అని సంచిలోంచి ఎండు జొన్నరొట్టె తీసి చేతిలో పెట్టాను. కొరికి చూసి, దవడ పట్టుకుని, "బాంబే నయమండి, ఒక్కసారికే పోతాం" అన్నాడు. అయినా చెనక్కాయల పొడి నంజుకుని మొత్తం తిన్నాడు. పొద్దున తన స్టేషన్‌లో దిగుతూ భార్గవికి పూతరేకుల పొట్లం ఇచ్చిపోయాడు.

విశాఖపట్నంలో మధ్యాహ్నం దిగాం. ఆటోవాడు వెనక సామాను పెట్టే లోపలే భార్గవి ముందుకెళ్ళి, డ్రైవరు సీటు పక్కన ఉన్న జాగాలో కూర్చుంది. ఆటో స్టార్టు చేయగానే సైలెన్సరు పేలినట్టు మోగింది. బిడ్డ తల మోకాళ్ళలోకి పోయింది.

అతను బ్రేకు వేసి కిందికి చూశాడు. "పాపదేటైనా పడిపోయిందా అమ్మా?"

"ఏం పడలేదన్నా. పోనీ" అన్నాను. బిడ్డను వెనక్కి తెచ్చుకున్నాను. ఊరు మారితే మారుతుందనుకున్నది, మాతోపాటే రైలెక్కి వచ్చింది. ఇల్లు చేరేదాకా నాకు ఇంకేమీ కనిపించలేదు.

సరస్వతి వాకిట్లోనే పట్టుకుంది. "ఏమ్మే, ఒక్కదానివే వచ్చినావా? శానా ధైర్యమొచ్చిందే!" ఆమె గది చిన్నది. కిటికీలోంచి ఉప్పు గాలి వస్తుంది. మా జమ్మలమడుగు యాస విని ఆ పక్కింటివాళ్ళు మేమిద్దరం పోట్లాడుకుంటున్నామనుకున్నారట.

మర్నాడు ఉదయం ఊళ్ళోని సింధియా బస్టాపు నుంచి యారాడ బస్సెక్కాం. సరస్వతి ఉత్తరాల్లో రాసింది, డాల్ఫిన్ నోస్ అని కూడా పిలిచే ఈ యారాడ కొండ గురించే. ఊరివైపు నుంచి చూస్తే ఏదో పెద్ద జంతువు నీళ్ళు తాగడానికి మూతి చాచినట్టు ఉంటుంది. బస్సు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంటే ఒకవైపు జీడిమామిడి తోపులు, పొదలు, వాటి మధ్య నెర్రెలిచ్చిన ఎర్రరాళ్ళు. గండికోట లోయలో మా పెన్న ఒడ్డు రాళ్ళు ఎవరో కూర్చుని పొరలు పొరలుగా పేర్చినట్టుంటాయి. ఈ కొండ రాళ్ళకు అలాంటి ఓర్పు లేదు. పగిలి, ఒరిగి, ఒకదాని మీద ఒకటి పడి, చివరికి సముద్రంలోకి దిగిపోయాయి. కొండ శిఖరం దాటగానే బస్సు అద్దం నిండా నీలం వచ్చింది. ఆ అద్దంలో అంత ఖాళీ నేనెప్పుడూ చూడలేదు.

యారాడ ఊళ్ళో దిగి, తాటిచెట్ల మధ్యగా నడిచి ఇసుక దాటి, కొండ మొదట్లో ఉన్న రాళ్ళ దగ్గరికి వెళ్ళాం. రాళ్ళ నిండా తెల్లటి చిన్న గవ్వలు, గీకినా ఊడనంత గట్టిగా అతుక్కుని ఉన్నాయి. నల్లటి ఎండ్రకాయలు మనిషి నీడ పడగానే చీలికల్లో దూరతాయి. వేలెడంత చేపలు నీళ్ళలోంచి రాతి మీదికి ఎగిరి, కాసేపు గాలి పీల్చినట్టు కూర్చుని, మళ్ళీ దూకుతాయి. ఎర్రటి రెక్కలు, తెల్లటి తలతో గరుడ పక్షులు కొండ అంచుకు ఆనుకుని తిరుగుతున్నాయి. వాటికంటే పైన, పొట్ట తెల్లగా ఉన్న పెద్ద సముద్రపు గద్ద ఒకటి రెక్క కదల్చకుండా నిలబడింది. చూస్తుండగానే రాయిలా కిందికి పడి, నీటి పాములాంటిది ఒకటి కాళ్ళలో పట్టుకుని లేచింది.

నేను పైకి చూస్తుండగా మోత వినిపించింది. కొండ అడుగున గుహలాంటి చీలిక ఉంది. పెద్ద అల అందులోకి దూరినప్పుడల్లా లోపల గాలి చిక్కుకుని ధన్‌మని పేలుతుంది. తిరిగి చూస్తే భార్గవి రాళ్ళ మధ్య ముడుచుకుని ఉంది. మళ్ళీ మోత. ఇంకా ముడుచుకుంది. ఇంతదూరం వచ్చి బిడ్డను బాంబుల మధ్య కూర్చోబెట్టినట్టు అనిపించి, ఎత్తుకుని వెనక్కి పోబోయాను.

రాళ్ళ మీద చేపలు ఎండబెడుతున్న ఒకామె కేకేసింది. "ఓలమ్మో, పిల్ల గుంటని ఎక్కడికట్టుకుపోతన్నావు? సంద్రం అరుస్తాది గానీ కరవదు. ఉండనీ, అలవాటైపోద్ది."

ఆమె పేరు నూకాలు. బిడ్డ పక్కన కూర్చుని, "ఏటే పిల్లా, ఎందుకలా వంగిపోనావు?" అని అడిగింది.

భార్గవి తల ఎత్తకుండానే చెప్పింది. "టప్ అంటే వంగాల. వంగితే పిప్పరమెంటు ఇస్తారు. ఈ సముద్రం ఈలా."

"మరి ఇది ఇవ్వనప్పుడు నువ్వెందుకు వంగుతావు?"

భార్గవి ఆలోచనలో పడింది. ఆ తర్వాతి మోతకు సగమే వంగింది. రాతి గుంటలో నిలిచిన నీళ్ళలో పువ్వులా విచ్చుకున్న జీవి ఒకటి ఉంటే నూకాలు చూపించింది. వేలు తగిలిస్తే అది టక్కున ముడుచుకుంది.

"మా! ఇది గూడా వంగె! దీనికి ఎవురు నేర్పినారు?"

"ఎవురూ నేర్పలా" అన్నాను. "కాసేపుండి చూడు." మేము కదలకుండా చూస్తుంటే అది మెల్లగా మళ్ళీ విచ్చుకుంది. భార్గవి దాని ఎదుట చాలాసేపు కూర్చుంది. మధ్యలో మోతలు వస్తూనే ఉన్నాయి. ఎండ పైకెక్కేసరికి రాతి మీద నిలబడి, అల లోపలికి పోవడం చూసి, అది పేలకముందే సముద్రాన్ని చూసి "టప్!" అని అరవసాగింది. అరిచినప్పుడల్లా సముద్రం జవాబిచ్చింది. సరస్వతి నా చెయ్యి పట్టుకుంది.

నూకాలు సాగనంపడానికి వెంట రాగా తిరిగి వస్తుంటే ఇసుక రంగు పిట్ట ఒకటి మా ముందు పడింది. పిడికెడంత ఉంటుంది. ఒక రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, కుయ్‌మంటూ పరిగెత్తింది. భార్గవి వెంటపడింది. బాగా దూరం పోయాక ఆ పిట్ట రెండు రెక్కలూ విప్పి చక్కగా ఎగిరిపోయింది.

నూకాలు నవ్వింది. "దాని పిల్లలిక్కడే ఉన్నాయి. మనల్ని ఏమార్చి లాక్కుపోనాది." వెతికితే, మేము తొక్కబోయిన చోటే ఇసుక గుంటలో గులకరాళ్ళలా రెండు పిల్లలు కదలకుండా పడుకుని ఉన్నాయి.

అంత చిన్న పిట్ట, పిల్లల్ని వెనక ఉంచి, తాను ముందుకొచ్చింది. దానికి పార్టీ లేదు, నీతి గురించి మాట్లాడే పెద్దమనుషులు లేరు. ఎవరినీ అడగకుండానే ముందు ఎవరుండాలో దానికి తెలుసు. నాకు ఏడుపు రావాల్సింది. కోపం వచ్చింది. ఆ కోపాన్ని సంచిలో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం పైకెక్కి లైట్‌హౌస్ చూశాం. సాయంత్రం ముందు కాసేపే లోపలికి పంపుతారు. టైము కనుక్కుని వెళ్ళండి. అంత ఎత్తు నుంచి మోత వినపడదు. తెల్లటి నురుగు మాత్రం కనిపిస్తుంది.

ఆ మర్నాడు ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే మామే ఎత్తాడు. మేం దిగే రోజు చెప్పాను. "నువ్వు లేవని వాయిదా పొడిగించుకున్నామమ్మా. నువ్వు దిగే పొద్దే. యర్రగుంట్లకు జీపు తెస్తాం. ఆడ్నించి అట్లే పులివెందులకు పోదాం." నా జవాబు కోసం ఆగకుండా పెట్టేశాడు.

తిరుగు రైలంతా నాకు కన్ను మూత పడలేదు. ఒంటరిగా బస్సెక్కడం సులువు. జీపు ముందు నిలబడి కాదనడం ఎట్లా? మామ అరిస్తే? మా ఆయన తల దించుకుంటే? బిడ్డ సరస్వతి కొనిచ్చిన పిప్పరమెంట్ల పొట్లం గుప్పిట్లో పట్టుకుని, నా ఒళ్ళో కాళ్ళు చాపి నిద్రపోయింది.

యర్రగుంట్లలో తొమ్మిదింటికి దిగాం. స్టేషన్ బయట నాపరాళ్ళ లారీల పక్కన మా జీపు. వెనక అందరూ ఎక్కి కూర్చున్నారు. మామ కింద నిలబడి ఉన్నాడు. ముందు సీటు తుడిచి, తుండుగుడ్డ పరిచి ఉంచారు.

"ఎక్కండమ్మా. కోర్టు టయానికి చేరుకోవాల."

"పోయిరాండి మామా. మేం బస్సుకు పోతాం."

"మరి ముందర ఎవురు కూచుంటారు?"

"ఎవురి మీద కేసుంటే వాళ్ళు."

డ్రైవరు స్టీరింగు వైపు చూస్తూ ఉండిపోయాడు. మామ ముఖం నల్లబడింది. "సముద్రం చూసొచ్చేకొద్దికి నోరొచ్చిందా నీకు?"

"నోరు ముందునుంచీ ఉంది మామా. నేను ముందు సీట్లో ఉంటే వెనకోళ్ళకు వినపడలా."

వెనక కూర్చున్నవాళ్ళలో ఎవరూ కదలలేదు. తర్వాత మా ఆయన లేచాడు. "నేను కూచుంటా నాయనా" అని దిగబోయాడు. మామ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. కాసేపు ఆ తుండుగుడ్డ వైపు చూశాడు. దాన్ని తీసి భుజాన వేసుకుని, తానే ఎక్కి ముందు కూర్చున్నాడు.

భార్గవి నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. పొట్లంలోంచి ఒక బిళ్ళ తీసి తాత చేతిలో పెట్టింది.

"జేజినాయనా, టప్ అంటే వంగాల. వంగితే ఇది తిను."

జీపు ముద్దనూరు వైపు పోయింది. మేము జమ్మలమడుగు బస్సెక్కాం. దారిలో ఒక లారీ టైరు పేలింది. బస్సులో అందరూ ఉలిక్కిపడ్డారు. భార్గవి కిటికీలోంచి తొంగిచూసింది, అంతే. సముద్రం గురించి అడిగేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇదే: ఆ కొండ చాలా పెద్ద చప్పుడు చేస్తుంది, అయినా ఆ రాళ్ళ మీద బతికేవి తలెత్తుకునే బతుకుతున్నాయి. బిడ్డలను తీసుకువెళ్ళండి.

పొద్దుగూకేసరికి మామా, మా ఆయనా, అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. మామ నాతో మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని, చొక్కా జేబులోంచి బిళ్ళ తీసి మనవరాలికి చూపించాడు. కాగితం కూడా విప్పలేదు.

"ఎవురూ టప్ అనలేదమ్మా. అందుకే తినలా."

భార్గవి దాన్ని మళ్ళీ ఆయన జేబులోనే వేసింది.

"అట్లే పెట్టుకో జేజినాయనా. మళ్ళా వాయిదాకు పనికొస్తాది."