నొక్కితేనే పలికే పెట్టె

దయ్యాల మాట ఎత్తితే నవ్వి లేచిపోయే రకం నేను. అల్లూరులో రేడియోలు బాగుచేసేవాణ్ణి. వైరులో కరెంటు ఉంటే ఉంది, లేకుంటే లేదు. మధ్యలో ఇంకోటి ఉందంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఈ ఒక్క సంగతి మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ట్రాన్సిస్టర్లు కొత్తగా వచ్చిన అరవైల నాటి మాట. సముద్రం ఒడ్డు పల్లె నుంచి పోలయ్య అనే జాలరి నా కొట్టుకు వచ్చాడు. అంతకు రెండేళ్ల ముందు వాళ్లన్న వేటకు పోయి తుపానులో తిరిగి రాలేదు. ఆ పొద్దు రేడియోలో హెచ్చరిక చెప్పారట. నడిసముద్రంలో వినేదెవరు? పడవ మీద పనిచేసే రేడియో కావాలన్నాడు పోలయ్య. నేల చూస్తూ అడిగాడు.

ఉప్పుగాలికి రేడియోలోని సెల్లులు త్వరగా చిలుమెక్కుతాయి. అందుకని వాటిని తీసేసి, ఆరు సెల్లులకు వేరే టేకు పెట్టె చేసి, తీగతో రేడియోకు కలిపాను. మూత కింద సైకిల్ ట్యూబు రబ్బరు, అతుకులకు మైనం. తడికి షార్టయితే రేడియో కాలిపోకుండా సన్నని ఫ్యూజు తీగ. నాకు గొప్పగా అనిపించింది మాత్రం పెట్టెకు పెట్టిన మీట. నొక్కి పట్టుకున్నంతసేపే రేడియో పలుకుతుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. మరిచిపోయి సెల్లులు దండగ చేసే వీలే లేదు. కాకిపిల్ల కాకికి ముద్దు, దాన్ని చూసుకుని తెగ మురిశాను.

పోలయ్య బావమరిది వీరన్న కూడా రేడియో కొని నా కొట్లో పెట్టాడు. అతని పెట్టె తయారైంది గానీ, సెల్లులు నెల్లూరు నుంచి రావాలి. వారం ఆగమన్నాను.

పోలయ్య రేడియోను, పెట్టెను నేనే వాళ్లింటికి తీసుకుపోయాను. మూత విప్పి చూపిస్తూ, బలమంతా ఈ సెల్లుల్లోనే ఉందని అతని భార్య మంగమ్మకు చెప్పాను. మరుసటి రోజు తెల్లవారగానే పోలయ్య, వీరన్నల పడవలు రెండూ వేటకు పోయాయి.

మధ్యాహ్నం నా కొట్లో తుపాను హెచ్చరిక విన్నాను. సాయంత్రానికి గాలి లేచింది. ఉండబట్టలేక సైకిలెక్కి ఒడ్డుకు పోయాను. పోలయ్య పడవ అప్పటికే ఇసుక మీద ఉంది. వీరన్న పడవ రాలేదు. మరి రానేలేదు.

జరిగింది పోలయ్య చెప్పాడు. పడవలో ఉన్న ఇద్దరి చేతులూ వల మీదే ఉండగా రేడియో దానంతటదే పలికిందట. హెచ్చరిక మొత్తం చెప్పి ఆగిపోయిందట. దూరాన ఉన్న వీరన్నకు తుండు ఊపాడు, గొంతు పోయేలా అరిచాడు. అందలేదు.

మీట ఇరుక్కుని ఉంటుందని అక్కడే పెట్టె మూత విప్పాను. మీట బాగానే ఉంది. ఫ్యూజు బాగానే ఉంది. లోపల సెల్లులు లేవు.

మంగమ్మ నన్ను ఇంట్లోకి పిలిచింది. తిరిగి రాని బావ, అంటే పోలయ్య అన్న, పేరున మడిచిపెట్టిన కొత్త పంచె ముందు ఆరు సెల్లులూ వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.

"బలం వీటిలోనే ఉందన్నావు గదన్నా. నిన్న బావ ముందర పెట్టి మొక్కుకున్నాను. మళ్లీ పెట్టెలో ఎయ్యడం మరిచిపోయినాను," అంది.

సముద్రం వైపు చూసి అడిగింది. "అయితే సెల్లులు లేకపోయినా మా తమ్ముడు వీరన్నకి వాడి పెట్టె ఇచ్చుంటే పలికేదా అన్నా?"

సిగ్గుతో, భయంతో తల వంచుకుని వచ్చేశాను.

వీరన్న పెట్టె, రేడియో ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. పెట్టెలో ఏనాడూ సెల్లులు వేయలేదు. రెంటినీ కలిపి మీట నొక్కితే తేలిపోతుంది. పలికితే మంగమ్మకు ఏమని చెప్పాలో తెలియక, ఇన్నేళ్లయినా నొక్కలేదు.