లోపల వదిలిన బట్ట

మా సందులో ఎవరూ కొలతలు ఇవ్వరు. ఆది ఇస్తారు. అంటే తమ ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్ ఒకటి తెచ్చి నా మిషన్ మీద పడేసి, "దీని లెక్కన కుట్టు. కాని చంకల కాడ జెర వదులు, మెడ జెర పైకి, చేతులు జెర పొడుగు" అంటారు. అన్నీ మార్చాక ఇక ఆ ఆది దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అయినా అది ఎదురుగా లేనిదే నా చెయ్యి కత్తెర మీదికి పోదు.

అందుకే టీవీ వాళ్ల కుట్టు పోటీలో మొదటి రోజు, తలా చేతులూ లేని గుడ్డబొమ్మ ఒకదాన్ని నా ముందు నిలబెట్టి "దీనికి కుర్తా కుట్టండి" అనగానే, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "దీని ఆది ఏది మేడమ్?"

అందరూ నవ్వారు. కెమెరా పట్టుకున్నతను నవ్వితే కెమెరా ఊగింది. పక్క బల్ల దగ్గర, వరంగల్ నుంచి వచ్చిన బ్యాంకు ఆయన ఒక్కడే నవ్వలేదు. ఆయనా అదే అడగబోయి నోరు కట్టేసుకున్నాడట, తర్వాత చెప్పాడు.

"నవ్వుండ్రి. మా పటేల్‌గూడకు ఈ బొమ్మ వస్తె ముందుగాల ఇంత అన్నం పెడ్తం, ఎనుక కొలుస్తం" అన్నాను. ఆ మాట వాళ్లకు నచ్చే నన్ను రెండో రౌండుకు పంపారని మా ఆయన అంటాడు. కుర్తా కూడా బాగుందని నేనంటాను. ఈ తగువు ఇంకా తెగలేదు.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మానేశాను అనడం కంటే, బడీ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం అనడం న్యాయం. పగలు మందుల కంపెనీలో డబ్బాల మీద లేబుళ్లు వంకర పోయాయా అని చూస్తాను. సాయంత్రం ఇంట్లో కుట్టుకుంటాను. దుకాణం లేదు, గుమ్మం మీద బోర్డు లేదు. ఆ పోటీ అలాంటివాళ్లకే. గెలిచినవాళ్లను పట్నంలో బట్టల డిజైన్ నేర్పే పెద్ద కాలేజీలో ఏడాదిపాటు చదివిస్తారు. నేను వదిలేసిన చదువు నన్ను వెతుక్కుంటూ వస్తోందంటే నాకు చచ్చేంత ఆశ పుట్టింది. ఆ ఆశ సంగతి ఎవరికీ చెప్పలేదు. నలుగురినీ నవ్వించడం నాకు అలవాటే కాని, నలుగురిలో నవ్వులపాలు కావడం అలవాటు లేదు.

నాకు కుట్టు నేర్పింది పక్కింటి ఖాలా, ఉర్దూలో పిన్నిని అలా అంటారు. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ గోడ ఒక్కటే. వాళ్లాయన బతికున్నన్నాళ్లూ పరుపులు కుట్టేవాడు, ఆమె సందులోని ఆడవాళ్లకు కుట్టేది. చూపు తగ్గాక తన కాలి మిషన్ నా వైపు తోసేసింది. దాంతోపాటు ఒక రూలు కూడా.

"పక్కల కాడ బట్ట కోసి పారెయ్యకు బేటీ. మనిషి రేపు ఎట్లుంటదో అల్లాకే ఎరుక. నీకేం ఎరుక?"

అందుకని ఆమె కుట్టినా నేను కుట్టినా, లోపల పక్కల వెంట రెండు వేళ్ల వెడల్పు బట్ట మిగులుతుంది. దాని మీద పక్కపక్కనే మూడు కుట్లు పడతాయి. మనిషి ఒళ్లు చేస్తే అన్నిటికంటే లోపలి కుట్టు విప్పేస్తే చాలు, జాకెట్ మళ్లీ ఊపిరి పీల్చుకుంటుంది. "కాన్పుకు ఒక కుట్టు" అని నేనోసారి పరాచికమాడితే, ఎదురింటి వదినె నా జాకెట్ తిరగేసి చూసి, "నీకు పుట్టింది ఒక్కడు, మరి ఇన్ని కుట్లు ఎవరికే?" అంది. "ఒకటి వానికి, మిగిలినవి బిర్యానికి" అన్నాను.

పోయిన ఏడాది ఖాలాకు పెద్ద జబ్బు చేసింది. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఆమె కమీజులు ఆమె మీద కాదు, కొక్కేనికి వేలాడుతున్నట్టు ఉన్నాయి. కొత్తవి కుడతానంటే వద్దంది. ఉన్నవాటికే లోపల కొత్త కుట్లు వేసి బిగించాను. తర్వాత మెల్లగా తినడం మొదలుపెట్టింది. అప్పుడప్పుడు వచ్చి నా మిషన్ ముందు చేతులెత్తి నిలబడేది.

"చూడు, పట్టేస్తుందా?"

"పట్టేస్తుంది ఖాలా."

"జూట్ చెప్తలేవు గద?"

"నీ మీద ఒట్టు."

ఒక కుట్టు విప్పేదాన్ని. ఆస్పత్రి కాంటా చూపించిన బరువును ఆమె నమ్మేది కాదు. కుట్టు విప్పితేనే నమ్మేది.

రెండో రౌండులో చెప్పిందేమిటంటే, మీ ఇంటి మనిషిని తెచ్చుకోండి, ఆ మనిషికి పండగ బట్టలు కుట్టండి అని. నేను ఖాలాను తీసుకెళ్తానన్నాను.

"ఖాలా మన ఇంటి మనిషని వాళ్లకెట్ల చెప్తవ్?" అన్నాడు మా ఆయన.

"అడిగితే గోడ చూపిస్త."

ఖాలా కళ్లకు సుర్మా పెట్టుకుని, డబ్బా నిండా సేమియా పాయసం పట్టుకుని పటాన్‌చెరులో బస్సెక్కింది. అక్కడ మేకప్ అమ్మాయి పౌడరు బ్రష్‌తో మీదికి వస్తే, "నాకేమన్న నిఖానా?" అని ఆ అమ్మాయి చేతిలోనే పాయసం గిన్నె పెట్టింది. ఒంటికి బట్ట వేయించుకునేవాళ్లు మాట్లాడకూడదని రూలు. సరే అని తల ఊపి, ఆ రోజంతా కనుబొమ్మలతో నా పని దిద్దింది. ఎడమ కనుబొమ్మ లేస్తే మెడ వంకర అని అర్థం.

ఆకుపచ్చ సిల్కు లాంటి మెత్తని బట్ట ఇచ్చారు. కమీజు బాగా వచ్చింది. చేతుల అంచు, మెడ పట్టీ, వెనక గుండీల వరస, నాకే ముద్దొచ్చాయి. జడ్జి మేడమ్ నెరిసిన జుట్టు మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. చుట్టూ తిరిగి చూసి తల ఊపింది. తర్వాత పక్క అంచు తిరగేసింది.

"లోపల ఇంత బట్ట ఎందుకు వదిలావమ్మా? ఈ మూడు కుట్లు ఏమిటి?"

"ఒళ్లు చేస్తె విప్పనీకి మేడమ్."

"మెత్తని బట్ట కదా, పక్కన ఉబ్బు తేలుతోంది చూడు. ఇదంతా కత్తిరించి, ఒక్క కుట్టుతో మడిచెయ్యి. పైపని చాలా బాగుంది. లోపల ఇలా ఉంటే మాత్రం నేను మార్కులు వెయ్యలేను. ఇంకా టైముంది."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ లైట్ల కింద పక్కల వెంట సన్నటి ఉబ్బు కనిపిస్తూనే ఉంది. కత్తెర తీసుకున్నాను. కోస్తే కాలేజీ దగ్గరవుతుంది, కోయకపోతే ఇంటికి. ఇందులో తెలియనిదేమీ లేదు. బ్యాంకు ఆయన తన బల్ల మీంచి "కోసెయ్ చెల్లె, ఆలోచించకు" అని గుసగుసలాడాడు.

అప్పుడు ఖాలా రూలు తప్పింది.

"కోసెయ్ బేటీ. నేను ఇగ ఇంతే ఉంట. నువ్వు పోయి సదువుకో."

కాలేజీ ఆశ నేను ఆమెకు చెప్పనేలేదు. నా లోపలికి కూడా ఆమె దగ్గర ఒక ఆది ఉన్నట్టుంది. కానీ నాకు తగిలిన మాట అది కాదు. ఇంతే ఉంటదట! ఆ ఆకుపచ్చ మెడ పట్టీ పైన రెండు ఎముకలు పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి. ఆరు నెలలు గంజి నుంచి అన్నానికి, అన్నం నుంచి మాంసానికి వచ్చిన మనిషి, నాకో సీటు కోసం అక్కడే ఆగిపోతానంటోంది. నాకు ఒళ్లు మండింది.

"ఎవడన్నడు ఇంతే ఉంటవని? సప్పుడు చెయ్యకుండ నిలవడు ఖాలా" అని కత్తెర బల్ల మీద పెట్టేశాను. "మేడమ్, నేను కొయ్య."

"మళ్లీ ఒకసారి ఆలోచించుకో."

"ఆలోచించిన. ఈమె ఇంకా లావు కావాలె. నేను కోస్తె, ఇగ కావు పో అని చెప్పినట్టే."

మేడమ్ ఖాలా వైపు చూసింది. "నీ మాట నాకు అర్థమైంది. కానీ ఇక్కడ నేను చూడాల్సింది కుట్టు పని తీరు. మార్కులు కోయక తప్పదు."

"కొయ్యుండ్రి మేడమ్. మీ కత్తెర మీది, నా కత్తెర నాది."

మిగిలిన టైములో ఆ లోపలి బట్టను వీలైనంత అణిగేలా ఇస్త్రీ చేశాను. ఉబ్బు పూర్తిగా పోలేదు. ఆ సాయంత్రం ఇంటికి పంపిన వాళ్లలో నా పేరే ముందు పిలిచారు. బస్సు లింగంపల్లి దాటాక ఖాలా ఖాళీ పాయసం డబ్బా నా ఒళ్లో పెట్టి, "పాగల్" అంది.

అది టీవీలో వచ్చిన రోజు సందు మొత్తం మా ఇంట్లోనే కూర్చుంది. ఖాలా మాటలు కోసేశారు. నా మాటల్లో "నేను కొయ్య" అన్నది ఒక్కటీ ఉంచి, తర్వాత నేను కళ్లు తుడుచుకుంటున్నట్టు చూపించారు. అది బట్ట దుమ్ముకు వచ్చిన తుమ్ము. కోయడం వాళ్లకు ఎంత సులువో! కమీజు తిరగేసి, ఆ మూడు కుట్ల చుట్టూ ఎర్రటి సున్నా గీసి, వెనక కోతి చేష్టలకు వేసే మ్యూజిక్ కూడా వేశారు.

"అగో, మనందరి జాకెట్ల లోపలిది దేశానికి చూపెట్టె గద ఇది!" అని ఎదురింటి వదినె నెత్తి కొట్టుకుంది.

"చూడనీ. విప్పించుకోనీకి వాళ్లకు లేదని ఏడుస్తున్నరు" అన్నాను.

కంపెనీలో కొన్నాళ్లు నన్ను "కొయ్య మేడమ్" అని పిలిచారు. పిలుచుకోనీ. ఆ కాలేజీ గేటు ఎలా ఉంటుందో ఫోన్లో ఒకసారి చూశాను, లేదంటే అబద్ధం. పెద్ద గేటే. మళ్లీ పోటీ పెడితే మళ్లీ వెళ్తాను. మళ్లీ మూడు కుట్లూ వేస్తాను. ఈసారి బొమ్మకు కూడా వేస్తాను, దానికేం ఆకలి ఉండదా?

మొన్న రంజాన్ తర్వాత ఒక మధ్యాహ్నం ఖాలా ఆ ఆకుపచ్చ కమీజు వేసుకుని మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, ఏదో దొంగతనం చేసినదానిలా నేల చూపులు చూస్తోంది.

"ఏమైంది ఖాలా?"

"చంకల కాడ పట్టేస్తుంది."

"జూట్ చెప్తలేవు గద?"

"నీ మీద ఒట్టు."

కమీజు విప్పించి, నా చీర చెంగు ఆమె మీద కప్పి, పక్క అంచు తిరగేశాను. సగం బ్లేడు తీసుకుని లోపలి కుట్టు మొదట్లో పెట్టాను. దారం టపటపా తెగుతూ వచ్చింది. దాని వెనక రెండో కుట్టు గట్టిగా పట్టుకునే ఉంది, మూడోది దాని పక్కనే.