తలకట్టులో లేని ఇల్లు

కోవిల్‌పట్టిలో అరవవాళ్ళ నడుమ ఉన్న మా తెలుగు వీధిలో అమ్మవారి పొంగలి పండక్కి ఇంటింటికీ పన్ను వసూలు చేసేవారు. తలకట్టు పన్ను అనేవారు. పెళ్ళయిన మగవాడు ఉంటే అది ఒక తలకట్టు. నాన్న పోయాక మా ఇల్లు ఆ లెక్కలోంచి జారిపోయింది. విధవరాలి దగ్గర పన్ను తీసుకోవడం పాపమట. పన్ను కట్టని ఇంటికి వీధి కూటంలో నోరెత్తే హక్కూ లేదు. జాలి పేరుతో నోరు నొక్కడం మావాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

అమ్మ, నేను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయేవాళ్ళం. తమ్ముడు కూడా బడి మానేసి అక్కడే చేరాడు. తొంభైల చివర్లో వాడికి గంజాయి అలవాటైంది. రైలు కట్ట అవతల పొట్లాలు అమ్ముతారని వీధిలో అందరికీ తెలుసు. ఎవరి పిల్లవాడు పోతున్నాడో కూడా తెలుసు. తెలియనట్టు ఉండడమే మర్యాద అనుకునేవారు. మా తమ్ముడు అమ్మను ఎగతాళి చేసి నవ్విస్తేగాని అన్నం తినేవాడు కాదు. ఆ నవ్వులే ముందు పోయాయి.

ఆ ఏడు కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ మా వీధి పెద్దను పిలిపించి మాట్లాడాడు. సర్కారు ఇచ్చేది చాలదు, వీధి వాళ్ళు కొంత ఖర్చు పెట్టుకుంటే మొగదల్లో పోలీసు గది కట్టిస్తామన్నాడు. సాయంత్రాలు బడిలో కుర్రాళ్ళకి ఆటలు పెట్టిస్తామని, అలవాటు పడ్డవాళ్ళను డాక్టరుకి చూపిస్తామని కూడా అన్నాడు. ఆ మాట విని అమ్మకు ప్రాణం లేచి వచ్చింది. పొంగలికి పెట్టే సీరియల్ లైట్లు, మైకుసెట్టు ఒక్క ఏడాది మానుకుంటే సరిపోతుందని ఆమె ఆలోచన.

కూటం రోజు అమ్మ పన్ను డబ్బు కొంగున ముడేసుకుని పోయింది. వెనకే నేనూ పోయాను.

“మా ఇంటిదీ తీసుకోండన్నా. తీసుకుని, నేను చెప్పేది రొంత వినండి,” అంది.

వీధి పెద్ద చేతులు జోడించాడు. “నీ దగ్గిర దుడ్డు వాంగితే అమ్మోరు ఒప్పదు చెల్లీ. నువ్వు ఇంటికి పో.”

“లైట్లు లేకపోతే అమ్మోరుకేమీ కాదన్నా. పిలకాయలు పాడైపోతా ఉండారు.”

“పోలీసోళ్ళు వీధిలో కూసుంటే మనకి పిల్లనెవురిస్తారు? పేరు కెట్టుపోతాది,” అన్నాడు పక్కనున్నాయన. ఆయన కొడుకూ రైలు కట్ట దాటేవాడే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సంగతి నోటిదాకా వచ్చింది గాని అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ ఏడు లైట్లు రైలు కట్ట దాకా వేశారు.

స్నేహితులకు దూరంగా ఉంటే బాగుపడతాడని తమ్ముణ్ణి విరుదునగర్లో మామ ఇంటికి పంపాం. అక్కడ పప్పు మిల్లులో పని. అక్కడ పొట్లాలకు బదులు మాత్రలు దొరికాయి. ఒక పొద్దున పెద్దాసుపత్రికి రమ్మని మా వీధి కొట్టుకు ఫోనొచ్చింది. మేము బస్సు దిగి పోయేసరికి వాడి ప్రాణం పోయింది. అమ్మ ఏడవలేదు. నేను మాత్రం ఇప్పటికీ ఏడుస్తాను.

మరుసటేడు ఎవరూ అడక్కుండానే కూటం ఒప్పుకుంది. పోలీసు గదికి, పిల్లల ఆటలకి వసూలు చేస్తూ వీధి పెద్ద మా గుమ్మం ముందు ఆగాడు. అమ్మ లోపలినుంచి డబ్బు తెచ్చింది.

“వొద్దు చెల్లీ. ఇది పిలకాయల కోసరం. నీ ఇంట్లో ఇప్పుడు పిలకాయలు లేరు గదా,” అన్నాడు. పాపం, జాలిగానే అన్నాడు.

అమ్మ ఆ డబ్బు ఆయన సంచిలో వేసింది.

“వాడు ఉండంగా ఇస్తే మీరు తీసుకోలేదన్నా,” అంది.