పేరు చెప్పని సోదరి కోసం

కలకత్తాలోని మా తెలుగు సంఘంలో స్త్రీల కూడిక శుక్రవారం మధ్యాహ్నం. ఖిదిర్‌పూర్ బజారు వెనక సందులో కింద గోడౌను, పైన మా ప్రార్థన గది. పాటలయ్యాక ఒక్కొక్కరూ తమ విన్నపం చెబుతారు. ఒకావిడ కొడుక్కి పోర్టులో పని, ఇంకొకావిడకి మోకాలి నొప్పి. అవన్నీ ఒక పొడుగాటి నోటుపుస్తకంలో రాసి, చివర పైకి చదవడం నా పని. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ రాయమంటే దిక్కులు చూస్తారు. తప్పుల్లేకుండా రాసేదాన్ని నేనే మిగిలాను. నా అక్షరాలు గుండ్రంగా ముత్యాల్లా ఉంటాయని అందరూ అంటారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు రాలేదు.

ప్రార్థన నెరవేరితే ఆ వరుస పక్కన ఎర్ర సిరాతో ‘స్తోత్రం’ అని రాయాలి. అది నాకు చాలా ఇష్టమైన పని.

ఇంకో పద్ధతి కూడా ఉంది. బయట పెట్టకూడని సంగతైతే పేరు బదులు ‘పేరు చెప్పని సోదరి’ అని రాయొచ్చు. మర్యాద కోసం పెట్టుకున్న పద్ధతే. కానీ మాది ముప్పై ఇళ్ల సంఘం. కూడిక ముగిసి టీ గ్లాసులు చేతికొచ్చేసరికి ఆ సోదరి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఆ సంగతి పుస్తకం రాసే నాకంటే బాగా ఎవరికి తెలుసు?

నేను చెప్పబోయే సోదరి మా వాకిట్లోనే, నా గదికి ఎదురుగా ఉంటుంది. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లి చేసుకుని వచ్చింది. భర్త పోర్టులో కాంట్రాక్టరు కింద పని చేస్తాడు. ఆమె ఇంట్లో కూర్చుని మెటియాబుర్జ్ నుంచి వచ్చే చొక్కాల మూటలకు దారాలు కత్తిరించి బొత్తాలు కుడుతుంది. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఆపరేషన్‌తోనే పుట్టారు. చిన్నదానికి అప్పటికింకా ఏడాది నిండలేదు. ఆ కాన్పులో బీపీ పెరిగి, కాళ్లూ మొహమూ ఉబ్బి, మూడు రోజులు తెలివి లేకుండా పడుంది. ఆ మూడు రోజులూ ఆసుపత్రి వరండాలో కూర్చున్నది నేనే.

నేను బెంగాలీ మీడియం ప్రైమరీ స్కూల్లో టీచర్ని. ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని. మా పాడాలో, అంటే పేటలో, తెలుగు ఆడవాళ్లు ఎవరు ఆసుపత్రికి వెళ్లాలన్నా నన్ను వెంటబెట్టుకుంటారు. వాళ్ల బాధ డాక్టరుకు బెంగాలీలో చెబుతాను, డాక్టరు మాట వాళ్లకు తెలుగులో చెబుతాను. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. ఎవరి గర్భసంచిలో గడ్డ ఉందో, ఎవరి భర్త ఏ జబ్బు తెచ్చాడో నా కడుపులో ఉంది. బయట పెట్టలేదు. అందుకే ఆమె నన్ను నమ్మింది. నన్ను అప్పా అనేది, వాళ్ల వైపు అక్కని అలాగే పిలుస్తారు.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఉంది.

“అప్పా, నాకు నెల తప్పింది. రెండో నెల. నాను మొయ్యలేనప్పా. పోయినపాలి సావు సూసొచ్చాను. ఈ ఇద్దరు గుంటలకీ తల్లుండాల గదా.”

“మీ ఆయనకి చెప్పావా?”

“సెప్తే ఆళ్లమ్మకి సెప్తాడు. ఆళ్లమ్మ పాస్టరమ్మకి సెప్తాది. నువ్వెవులికీ సెప్పకప్పా. నన్ను ఆస్పత్రికి తీసుకెల్లు, సాలు.”

చెప్పనని ఆమె చెయ్యి పట్టుకుని మాట ఇచ్చాను. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో నేర్చుకున్నదంతా లోపల గొణుగుతూనే ఉంది. అయినా ఆ వరండా గుర్తుంది కాబట్టి వెళ్లాను.

డాక్టరు నాకంటే చాలా చిన్నది. ముందు నన్నే అడిగింది: “మీరు ఈవిడకి ఏమవుతారు?”

“దీదీని” అన్నాను గర్వంగా.

“అయితే ఆవిడ అన్నది అన్నట్టు చెప్పండి. మీ మాట కలపకండి.”

కలపలేదు. ఆ రోజు ఒక్క మాట కూడా కలపలేదు. డాక్టరు అంతా విని, కార్డు చూసి, నిదానంగా చెప్పింది. రెండు ఆపరేషన్లు అయ్యాయి, ఒంట్లో రక్తం తక్కువ ఉంది, కాబట్టి మా కళ్ల ముందే జరగాలి, సోమవారం పొద్దున్నే రండి అంది. తీసేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టమే, చట్టం ఆ హక్కు ఇచ్చింది, భర్త సంతకం అక్కర్లేదు అంది. చివర కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, “ఈ సంగతి మా రిజిస్టరు దాటి పోదు. మీరు కూడా ఎవరికీ చెప్పకండి” అంది. నేను స్కూలు పిల్లలా తలూపాను.

బస్టాపులో మరమరాల ఝాల్‌మూరీ కొనుక్కుని తిన్నాం. రెండు నెలల్లో ఆమె నవ్వడం అప్పుడే చూశాను. “సంతకం అక్కర్నేదంట గదప్పా! నా ఒంటికి నా మాటే సాలంట!” అని మళ్లీ మళ్లీ అంది. ఆ మాట తన జీవితంలో మొదటిసారి విన్నట్టుంది. నిజం చెప్పాలంటే నేనూ అప్పుడే విన్నాను.

సోమవారానికి ముందు శుక్రవారం వచ్చింది.

ఇక్కడ అబద్ధం చెప్పను. భారం మోయలేక చెప్పానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె ప్రాణానికి ఏమవుతుందోనన్న భయం కొంత ఉంది, కాదనను. లోపల పాపభీతీ ఉంది. కానీ వీటన్నిటికంటే ముందు ఇంకొకటి ఉంది. ఆ రోజు విన్నపాలన్నీ చప్పగా ఉన్నాయి. అందరి మోకాళ్లూ అందరి అప్లికేషన్లూ అయిపోయాయి. నా దగ్గర మాత్రం పెద్ద సంగతి ఉంది. నేనెంత బరువు మోస్తున్నానో వాళ్లకి కాస్త తెలియాలనిపించింది. రాసింది రాసినట్టు చదివాను: “పేరు చెప్పని సోదరి కోసం. ఇద్దరు చిన్నబిడ్డల తల్లి. చిన్నబిడ్డకు ఏడాది నిండలేదు. పెద్ద నిర్ణయం ముందు నిలబడి ఉంది. దేవుడు దారి చూపాలి.”

మా ముప్పై ఇళ్లలో ఏడాది నిండని బిడ్డ ఒక్కతే ఉంది.

ఆమె అత్త మూడో వరసలో కూర్చుని ఉంది. చేతిలో విసనకర్ర ఆగిపోయింది. నేను అది చూశాను. చూసి కూడా కళ్లు మూసుకుని అందరితో పాటు ప్రార్థన చేశాను.

మరునాడు సాయంత్రం పాస్టరమ్మగారు, అత్త, ఇంకో నలుగురు ఆమె గదికి వెళ్లారు. నన్నూ రమ్మన్నారు. వెళ్లాను. ఆమెను మధ్యలో కూర్చోబెట్టి తల మీద చేతులు పెట్టి ప్రార్థించారు. ఎవరూ తిట్టలేదు. అందరూ ప్రేమగానే ఉన్నారు, పాస్టరమ్మగారు ఏడ్చారు కూడా. ఆమె కళ్లు మాత్రం నన్నే వెతికాయి. నేను గుమ్మం పక్కన చొక్కాల మూటల మధ్య నిలబడి ఉన్నాను. పాట ఎత్తుకున్నారు. నేనూ అందుకున్నాను. నా గొంతు బాగుంటుందని కూడా అందరూ అంటారు.

గంటసేపటికి ఆమె, “ఎల్లనమ్మా, ఎల్లను” అంది. అత్త లేచి పెట్టెలో నుంచి ఆసుపత్రి కార్డు, పరీక్ష చీటీలు తీసి కొంగున ముడేసుకుంది. భర్త వరండాలో నిలబడి బీడీ కాల్చుకుంటున్నాడు.

సోమవారం నేను స్కూలుకు వెళ్లాను. ఆ వారం కూడికలో పాస్టరమ్మగారు, “ఆ సోదరి కోసం చేసిన ప్రార్థన దేవుడు విన్నాడు. రాయమ్మా” అన్నారు. ఎర్ర పెన్ను తీసి ఆ వరుస పక్కన ‘స్తోత్రం’ అని రాశాను. చెయ్యి వణికిందని రాస్తే బాగుండేది. వణకలేదు.

మూడు వారాలు గడిచాయి. వాకిట్లో కుళాయి దగ్గర ఎదురైతే ఆమె బిందె పక్కకు జరిపి దారి ఇచ్చేది. అత్త ఏదో పెళ్లికని హౌరాలో రైలెక్కి ఊరెళ్లింది. ఆ మర్నాడు, స్కూలుకు సెలవు, మధ్యాహ్నం అన్నం తింటుంటే ఆమె భర్త తలుపు బాదాడు.

“అప్పా, బేగి రా! నెత్తురప్పా, ఆగట్నేదు!”

ఏక్‌బాల్‌పూర్ వైపు ఏదో మందుల దుకాణంలో కడుపు పోయే మాత్రలు కొనుక్కుందట. ఎన్ని వేసుకోవాలో, ఎప్పుడు వేసుకోవాలో, ఆపరేషన్ కుట్లున్న ఒంటికి ఏమవుతుందో చెప్పినవాళ్లు లేరు. కార్డు లేకుండా ఆసుపత్రిలోకి రానివ్వరనుకుంది. వెంట వచ్చి మాట్లాడే మనిషి లేదనుకుంది. ఆ మనిషి పది అడుగుల దూరంలో ఎదురు గదిలో ఉంది. నన్ను పిలవకుండా చావడానికైనా సిద్ధపడింది. చొక్కాల మూట విప్పి, ఎవరో తొడుక్కోవాల్సిన కొత్త చొక్కాలు ఒంటి కింద పరుచుకుని పడుంది.

టాక్సీలో ఆమె తల నా ఒళ్లో పెట్టుకున్నాను. కళ్లు తెరవలేదు.

అదే డాక్టరు. లోపలికి తీసుకెళ్లి, రక్తం ఎక్కించి, చెయ్యాల్సింది చేసి, సాయంత్రానికి బయటికి వచ్చింది. బతుకుతుందని చెప్పింది. తర్వాత నన్ను గుర్తుపట్టింది. “సోమవారం ఎందుకు తీసుకురాలేదు?” అని అడిగింది. “ఆ రోజు వచ్చుంటే సాయంత్రానికి నడుచుకుంటూ ఇంటికి వెళ్లేది. ఇంత రక్తం పోయేది కాదు” అంది.

భర్త నా వైపు తిరిగాడు. అతనికి హిందీ కొంచెం వస్తుంది, బెంగాలీ రాదు. “ఏటంటంది, అప్పా?”

ఇరవై ఏళ్లలో ఎన్నో చెడ్డ వార్తలు తెలుగులోకి మార్చి చెప్పాను. ఈ రెండు మాటలూ ఏదీ కలపకుండా, ఏదీ వదలకుండా చెప్పాను. అతను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. “మా యమ్మకి ఎవులు సెప్పారో గానీ...” అన్నాడు. నేనేనని అప్పుడు చెప్పాను. అతను తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. తిట్టుంటే బాగుండేది.

మర్నాడు వార్డులోకి వెళ్లాను. ఆమె మొహం కాగితంలా ఉంది. బత్తాయి వలిచి ఒక్కో తొనా చేతికిచ్చాను. తీసుకుంది, తినలేదు. తొనలు పక్కన పెట్టి అంది:

“ఈపాలి నాకోసం ప్రార్థన పెట్టించకు.”

అంతే. గొంతులో కోపం కూడా లేదు. ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పింది. పక్క మంచం దుప్పటి సర్దుతున్న ఆయా నన్ను చూపించి, “ఈవిడ మీకేమవుతుంది?” అని బెంగాలీలో అడిగింది. అలవాటు కొద్దీ నేను నోరు తెరవబోయాను. ఆమే తనకొచ్చిన బెంగాలీలో జవాబు చెప్పింది.

“పాడార్ లోక్.”

మా పేట మనిషి. అప్పుడు తట్టింది, బత్తాయి ఇస్తున్నంతసేపూ ఆమె నన్ను ఒక్కసారి కూడా అప్పా అనలేదు.

తర్వాత చాలా ఆలోచించాను. గర్భం ఉంచుకోవడం పుణ్యమా, తీసేయించుకోవడం పాపమా అని పెద్దవాళ్లు వాదించుకుంటూనే ఉంటారు. ఒకప్పుడు నేనూ వాదించాను. ఇప్పుడు నాకు తెలిసింది ఒకటే. ఆ కడుపు ఆమెది, ఆ నెత్తురు ఆమెది, తల్లి లేకుండా పోయేది ఆమె పిల్లలే. కాబట్టి మాట ఆమెదే కావాలి. చట్టం ఉంది. డాక్టరుంది. మంచం ఉంది, తారీఖు ఉంది. ఆమెకూ ఆ మంచానికీ మధ్య అడ్డం నిలబడ్డది మేమే, పాటలు పాడుకుంటూ.

ఆ శుక్రవారం కూడికలో పాస్టరమ్మగారు, “ఆసుపత్రిలో ఉన్న సోదరి కోసం రాయమ్మా” అన్నారు.

“రాయనండీ. ఆమె వద్దంది.”

అందరూ నన్ను చూశారు. లేచి నిలబడి మొత్తం చెప్పాను. ఆమె నన్ను నమ్మి చెప్పిన మాటను ఈ గదిలో నేనే పారేశానని, సోమవారం ఆమె వెళ్లి ఉండాల్సిందని, మనం ఆపడం తప్పని చెప్పాను. అత్త ఊరి నుంచి ఇంకా రాలేదు. ఒకావిడ దగ్గింది. టీ వచ్చింది.

అందరూ వెళ్లాక పాస్టరమ్మగారు పుస్తకం తెరిచి ఆ పేజీ తీశారు. ఆవిడ మొహం కూడా పాలిపోయి ఉంది. “ఈ ఎర్ర సిరా మాట కొట్టేద్దామమ్మా. చూస్తే బాధగా ఉంది” అన్నారు.

“ఉండనివ్వండి” అన్నాను. పుస్తకం ఆవిడ చేతిలోనే పెట్టేసి మెట్లు దిగి వచ్చేశాను.

ఇప్పుడు పుస్తకం ఇంకెవరో రాస్తున్నారు, తప్పులతో. ఆ పేజీ మాత్రం అలాగే ఉంది. పేరు చెప్పని సోదరి, పక్కన స్తోత్రం. నా చేతిరాతే. అక్షరాలు గుండ్రంగా, చాలా అందంగా ఉన్నాయి.