నీలం కావాలా, నారింజ కావాలా?

ఈ ఉదయం మా అత్తగారు పెరట్లో కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్ళలో పిసుకుతుంటే ఆ ఘాటు వంటింటి దాకా వచ్చింది. ఆ వాసనకు ఎవరికైనా తలంటు గుర్తుకొస్తుంది, కళ్ళు మండటం గుర్తుకొస్తుంది. నాకు మాత్రం దివిసీమలో ఒక పడవల రేవు, తాళ్ళ మీద ఆరేసిన లైఫ్ జాకెట్లు, వాటి మధ్య కొంగు నడుముకు దోపుకొని నిలబడ్డ రాజ్యలక్ష్మి గారు గుర్తుకొస్తారు. ఆవిడ మచిలీపట్నంలో చాలాకాలం మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇక హాయిగా ఇంట్లో కూర్చుంటారని అందరూ అనుకుంటుండగా, ఒక వ్యాను, ఒక పడవ సమకూర్చుకొని యాత్రికులను తిప్పే పని మొదలుపెట్టారు. పొద్దున్నే బందరులో ఎక్కించుకొని, ఘంటసాల చూపించి, అవనిగడ్డలో భోజనం పెట్టించి, ఎండ తగ్గాక కృష్ణ సముద్రంలో కలిసేచోటికి పడవలో తీసుకెళ్ళి తేవడం. గుడివాడలో ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో కూర్చునే నేను, అక్కడి చీవాట్లకు విసిగి ఆవిడ దగ్గరికి పనికోసం వెళ్ళాను.

ఆవిడ నా చదువు గురించి అడగలేదు. "మనుషులకి కోపం ఎప్పుడొస్తుందమ్మా?" అన్నారు. లాడ్జి అనుభవంతో, "ఆలస్యమైతేనండి" అన్నాను. "ఆలస్యానికి రాదు. ఎంత ఆలస్యమో తెలియకపోతే వస్తుంది" అన్నారు. పుస్తకాల మాటలే అనుకున్నాను. చేరిన కొత్తల్లోనే ఘంటసాల దాటగానే వ్యాను ఆగిపోయింది. డ్రైవరు అలవాటు ప్రకారం "రెండే నిమిషాలండీ" అనబోతుంటే ఆవిడ వారించి, దిగి, అందరికీ వినపడేలా చెప్పారు: "గంట పడుతుందండీ. అదిగో, ఆ కొట్లో టీ బాగుంటుంది. అయ్యాక నేనే వచ్చి పిలుస్తాను." ఒక్కరూ విసుక్కోలేదు. గంట కాకుండానే వ్యాను కదిలితే, మేమేదో ముందే తీసుకెళ్తున్నట్టు సంబరపడిపోయారు. లాడ్జిలో నేను రోజూ "ఇదిగో, ఇప్పుడే" అని చెప్పి తిన్న తిట్లన్నీ ఆ మధ్యాహ్నం నా కళ్ళముందు మెదిలాయి.

అయితే ఆవిడను నిజంగా పరీక్షించింది పడవే. పడవ నడిపే సరంగు నాంచారయ్య మంచివాడు, నోరు పెద్దది. జాకెట్ వేసుకోమంటే జనం వేసుకునేవారు కాదు. "ఈతొచ్చండీ" అని ఒకరు, "ఫోటోల్లో బాగోదు" అని ఒకరు. కొందరు ఒళ్ళో పెట్టుకునేవారు, కొందరు దాని మీదే కూర్చునేవారు. నాంచారయ్య అరిచేవాడు, నేను బతిమాలేదాన్ని. ప్రాణాపాయం అంటూ ఎర్రక్షరాలతో బోర్డు కూడా పెట్టించాను. దాని ముందు నిలబడి ఫోటోలు దిగి, జాకెట్ లేకుండానే పడవెక్కేవారు. "ఈ జనం చెప్తే వినరండి మేడమ్" అన్నాను ఒకరోజు, ఏడుపొక్కటే తక్కువగా. ఆవిడ ఒక కుర్చీ తెప్పించుకొని రేవులో కూర్చున్నారు. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూస్తూ సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. చివరికి లేచి, ఒక జాకెట్ తీసి మెడలో వేసుకొని, మొహం చిట్లించి వెంటనే తీసేశారు. "నువ్వెప్పుడైనా వాసన చూశావా దీన్ని? ఇంత కంపు కొడుతుంటే పట్టుచీర మీద ఎవరు వేసుకుంటారమ్మా!"

మర్నాడు జాకెట్లన్నీ కుంకుడు రసంలో నానాయి. ఎర్రక్షరాల బోర్డు తీసేయించారు. పడవలో సర్దుకు కూర్చున్నాక జాకెట్ ఇస్తే అదొక అడ్డంకిలా ఉంటుందని, రేవు మీదే నీడలో ఇవ్వమన్నారు. "జాకెట్ కావాలా అని అడక్కు. వద్దనడానికి నువ్వే దారి చూపిస్తున్నావు. నీలం కావాలా, నారింజ కావాలా అని అడుగు" అన్నారు. వేసుకోగానే అందరినీ నిలబెట్టి ఒక ఫోటో తీసి ఇవ్వాలి. పక్కవాళ్ళ పట్టీ బిగిసిందో లేదో చూడమని ఒకరికొకరికి అప్పగించాలి. ఇక మిగిలింది నాంచారయ్య.

"నేను నీళ్ళల్లో పుట్టి పెరిగినోణ్ణండి. నేనేసుకుంటే మిగతా సరంగులు నవ్వరా?" అన్నాడు.

"నవ్వుతారు. నవ్వనీ. కానీ నీటి సంగతి నీకు తెలిసినంత పడవెక్కినవాళ్ళకి తెలుసా? వాళ్ళు బోర్డు చూడరు నాంచారయ్యా, నిన్ను చూస్తారు."

అతను తల గోక్కున్నాడు. "సర్లెండి, నాకు నారింజ ఇవ్వండి" అన్నాడు. ఆ రోజు పడవలో జాకెట్ లేని మనిషి కనబడలేదు. అవతలి పడవల వాళ్ళు నిజంగానే నవ్వారు. "ఏం నాంచారయ్య బావా, ఈత మర్చిపోయావా?" అని కేకలేశారు. అతను మీసం మెలేసి పడవ కదిలించాడు.

కొన్నాళ్ళకు గుడివాడ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఇంటిపెద్ద రిటైరైన ఇంజినీరు. వ్యాను దిగుతూనే, "అవీ ఇవీ తగిలించకండి, నాకు చిరాకు" అని ముందే ప్రకటించాడు. నేనేం వాదించలేదు. నీలమా, నారింజా అని అడిగాను. "నీలం" అన్నాడు అలవోకగా, భార్య పట్టీ సరిచేసే హడావుడిలో. వెళ్ళేటప్పుడు నీరు అద్దంలా ఉంది. తిరిగి వస్తుంటే సముద్రం వైపు నుంచి ఉన్నట్టుండి గాలి లేచింది. నాంచారయ్య పడవను ఒడ్డుకు మళ్ళించేలోపు అది ఇసుక మేటకు తగిలి ఒక పక్కకు ఒరిగింది, మరుక్షణం బోల్తా పడింది. నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి. ఇక అయిపోయిందనుకున్నాను. అంతలో జాకెట్ నన్ను చంకల కింద పట్టి ఎత్తినట్టు పైకి తేల్చింది. చూస్తే చుట్టూ నీలం, నారింజ రంగులు తేలుతున్నాయి. ఇంజినీరు గారి భార్య నా చెయ్యి పట్టుకొని ఆగకుండా గోవిందనామాలు చదువుతోంది. "కాళ్ళు కొట్టుకోకండి! కదలకుండా ఉండండి, అవే తేలుస్తాయి!" అని నాంచారయ్య అరుస్తున్నాడు. చేపల పడవలు మమ్మల్ని చూసి వచ్చేశాయి. ఒక్కరిని కూడా నది ఉంచుకోలేదు.

రేవులో రాజ్యలక్ష్మి గారు మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. దిగిన ప్రతి మనిషి భుజం మీదా చెయ్యి వేసి చూశారు. చివరగా నాంచారయ్య దిగాక ఒడ్డున చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చారు, అందులోనే నవ్వారు. టీలు తాగుతుండగా ఇంజినీరు గారు వచ్చి, "ఏమండీ, నేనసలు వేసుకోకూడదనే వచ్చాను. ఎప్పుడు వేసుకున్నానో నాకే తెలీదు" అన్నాడు. ఆవిడ దాచలేదు. రంగుల సంగతి, ఫోటో సంగతి, సరంగును ముందు ఒప్పించిన సంగతి వరసగా చెప్పేశారు.

"అయితే నన్ను బుట్టలో వేశారన్నమాట!"

"వేశానండి. ఇంకోసారి వెయ్యమంటారా?"

ఆయన పకపకా నవ్వాడు. "మా మనవలొస్తారు, వాళ్ళనీ వేద్దురుగాని" అన్నాడు. ఆ వారంలోనే, వెక్కిరించిన సరంగులంతా మా రేవుకొచ్చి, ఆ కుంకుడుకాయల లెక్కేమిటో చెప్పమన్నారు. నాంచారయ్యే వాళ్ళకు గురువయ్యాడు. రేవంతా రంగులు కట్టింది.

పడవ బోల్తాపడిన రోజే, తిరుగు ప్రయాణంలో నేను ఆవిడను అడిగాను, ఇలా తెలియకుండా మనుషుల మనసు తిప్పడం మోసం కాదా అని. "మోసమో కాదో తెలుసుకోవడం తేలికమ్మా. చేసింది వాళ్ళ మొహం మీదే చెప్పి చూడు. విని నవ్వితే సేవ, విని నిన్ను కొట్టబోతే మోసం" అన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. యాత్రల పని నేను నడుపుతున్నాను, హోటళ్ళ సిబ్బందికి శిక్షణ కూడా ఇస్తుంటాను. మొన్న బందరులో ఒక హోటలు యజమాని, గదులన్నీ ఖాళీగా ఉండగా, "ఒక్క గదే మిగిలింది" అని రాయించిన బోర్డు చూపించి, ఇంకా బాగా పనిచెయ్యాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. "దిగినవాళ్ళకి తాళంచెవి ఇచ్చేటప్పుడు, అది అబద్ధమని చెప్పగలరాండీ?" అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు, బోర్డు వంక చూశాడు. "చెప్తే ఊరుకుంటారా అండీ!" అంటూనే కుర్రాణ్ణి పిలిచి దాన్ని తీయించాడు. కాఫీ తెప్పించి, కుర్చీ ముందుకు జరుపుకొని, "సరే, దిగినవాళ్ళకి చెప్పగలిగే ఉపాయాలేమున్నాయో చెప్పండి" అన్నాడు. ఆ పూట మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం.