సిద్ధమ్మ చేనులో కాలనీ రాళ్ళు

ధర్మవరం దాటి కనగానపల్లి దారి పట్టుకుంటే ఎడమచేతి పక్క సిద్ధమ్మ వాళ్ళ నాలుగెకరాల చేను ఉండేది. అరవై రెండో సంవత్సరం వానాకాలంలో ఒక పొద్దున ఆమె కలుపు తీయడానికి పోయేసరికి, వేరుశనగ సాళ్ళ నడుమ సున్నం పూసిన రాళ్ళు పాతి ఉన్నాయి. సిద్ధమ్మ గట్టు మీదే నిలబడిపోయింది.

ఊరి తలారి పుల్లన్న అటుగా పోతుంటే కేకేసి పిలిచింది.

"ఏం రాళ్ళు పుల్లన్నా ఇవి?"

"సర్వే రాళ్ళక్కా. మగ్గాలోళ్ళకు సర్కారు కాలనీ కట్టిస్తాదంట. రోడ్డుకు దగ్గరని ఈడ కొలిచినారు. వాటిని మాత్రం కదిలించొద్దండి, జైల్లో ఏస్తారు."

"మరి మా చేనో?"

"అది పెనుకొండ రెవిన్యూ ఆఫీసులో అడగల్లక్కా," అంటూ పుల్లన్న పోయాడు.

భూమి లేని బతుకు ఎట్లుంటుందో సిద్ధమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె చిన్నతనంలో వచ్చిన కరువుకు వాళ్ళ నాయన చేను వదిలేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని బళ్ళారి దిక్కు కూలికి పోయాడు. పరాయి ఊళ్ళో కళ్ళాల పక్కన పడుకున్నారు. పొమ్మంటే లేచి పోయారు. ఒక తమ్ముడు ఆ దారిలోనే చనిపోయాడు. పెళ్ళయి ఈ చేనులో కాలు పెట్టిన రోజున, ఇంక తననెవరూ లేచి పొమ్మనరు అనుకుంది. ఇప్పుడు ఆ పాత భయం మళ్ళీ పట్టుకుంది. రోడ్డు మీద జీపు శబ్దమైతే చాలు, పని వదిలేసి పరుగున బయటికి వచ్చేది.

మొగుడు ఓబుళప్ప పెనుకొండ ఆఫీసుకు పోయి వచ్చాడు. మామూలుగా నోరు విప్పని మనిషి ఆ రోజు మాత్రం గడపలోనే మొదలుపెట్టాడు.

"ఆడ టీ అంగడి కాడ ఒకాయన చెప్పినాడు మే. బావి ఉంటే తరి భూమి, నీళ్ళు పారే భూమి కింద లెక్కంట. తరి భూమిలో ఇండ్లకు చోటియ్యరంట. ఆఫీసరు చేను చూడ్డానికి వచ్చేలోగా బావి తవ్వల్ల."

"ఆయనెవరో, ఏమో. నిజమో కాదో?"

"ఇంగేం జేద్దాం? చేతులు ముడుచుకుని కూసుందామా?"

మర్నాటి నుంచే చేను దిగువన తవ్వకం మొదలైంది. ఓబుళప్ప గడ్డపారతో తవ్వుతాడు. సిద్ధమ్మ గంపలకెత్తిన మన్ను మోకుతో పైకి లాగి దూరంగా పోస్తుంది. తొందరలో గుంతను నిలువుగా దించుకుంటూ పోయాడే గానీ, పక్కలు వాలుగా చెక్కలేదు. నిలువెత్తు దాటి లోపలికి పోయినా చెమ్మ లేదు. రాత్రి కురిసిన వానకు ఒక పక్క సన్నగా నెర్రె విచ్చడం సిద్ధమ్మ కంటబడింది.

"పైకి రాప్పా, ఆ దరి పడేటట్టుండాది."

"ఈ గంప అయిపోనీ," అన్నాడు లోపలి నుంచి.

ఆ గంప పైకి రాలేదు. గాలి ఊదినట్టు ఒక్క శబ్దమైంది, ఎర్రమన్ను జారింది. దుమ్ము అణిగాక తొంగి చూస్తే ఓబుళప్ప రొమ్ము దాకా కూరుకుపోయి ఉన్నాడు. నోరు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు. సిద్ధమ్మ అంచుకు పోబోతే ఆమె కాలి కింది మట్టి కూడా పెళ్ళలుగా అతని మీద రాలింది. వెనక్కి పడి అటూ ఇటూ చూసింది. చుట్టుపక్కల చేలల్లో ఒక్క మనిషి లేడు.

రోడ్డు వైపు చేను కొసన మాత్రం నలుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి సున్నపు రాళ్ళు చూపించుకుంటూ తిరుగుతున్నారు. ధర్మవరం నేతగాళ్ళు. తమ ఇండ్లు యాడొస్తాయో చూసుకునేందుకు వచ్చారు. చేను తీసుకునేవాళ్ళే కదా వీళ్ళు! రెప్పపాటు కాలం సిద్ధమ్మ వెనకాడింది. మరుక్షణం గుండె పగిలేలా అరిచింది.

వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో అందరికన్నా బక్కపలచనివాడు, చిన్నస్వామి అనే అతను, నడుముకు మోకు కట్టించుకుని లోపలికి దిగాడు. చేతులతోనే మన్ను తోడాడు. రెండుసార్లు దరి రాలింది, రెండుసార్లూ పైనున్నవాళ్ళు అతన్ని లాగేశారు. మూడోసారి దిగబోతుంటే అతని భార్య కమలాక్షి కళ్ళు మూసుకుని సిద్ధమ్మ చెయ్యి పట్టుకుంది. చివరికి ఓబుళప్పను పైకి తీశారు. ప్రాణముంది. కాలెముక మాత్రం రెండు చోట్ల విరిగింది.

బండి మీద ఊళ్ళోకి తీసుకుపోతుంటే కమలాక్షి మెల్లగా అంది: "బీడని చెప్పినారక్కా మాకు. పండే చేనని తెలీదు. మాదీ బాడుగ కొంపే. పొమ్మంటే మగ్గం ఊడదీసుకుని యాడికి పోతామో అని దినామూ భయమే."

సిద్ధమ్మ తన కొంగు చివరతో కమలాక్షి మోచేతికి అంటిన మన్ను తుడిచింది.

పెనుకొండలో చేను విచారణకు మొగుడి బదులు సిద్ధమ్మే రైలెక్కింది. ఆఫీసరు ఎదుట నిలబడేసరికి, దారంతా వల్లె వేసుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "మాకు ఇంగో చేను లేదు సామీ" అని ఏడ్చేసింది. నేతగాళ్ళ తరఫున ఆమె వెనకే వచ్చిన చిన్నస్వామి చేతులు కట్టుకుని చెప్పాడు:

"మాకు ఇండ్లు కావల్ల సామీ, కాదనం. రోడ్డుకు ఆ పక్క గుట్ట కింద బీడుండాది. ముందు ఆడ చూడండి."

ఆఫీసరు కాగితం మీద ఏదో రాసుకుని పంపేశాడు. ఆ ఏడాదంతా జవాబు రాలేదు. విత్తనం వేయాలా వద్దా అని తేల్చుకోలేక, వేసి, మొలకలు చూసి మళ్ళీ భయపడుతూ ఆ కాలం గడిపారు. చివరికి గుట్ట కింద సగం ఇండ్లు వచ్చాయి. మిగతావాటికి సిద్ధమ్మ చేనులో రోడ్డు పక్క రెండెకరాలు పోయాయి. ఇచ్చిన పరిహారం ఓబుళప్ప కాలికే సరిపోయింది. కర్ర లేకుండా అతను మళ్ళీ నడవలేదు.

మిగిలిన రెండెకరాలూ సిద్ధమ్మే దున్నించుకుంది. చిన్నస్వామికి గుట్ట కిందే ఇల్లొచ్చింది. ఆ ఏడు వేరుశనగ పీకేటప్పుడు కమలాక్షి కూలి అడక్కుండా వచ్చి సాలు పట్టింది. మధ్యలో రోడ్డు మీద ఏదో జీపు ఆగింది. సిద్ధమ్మ దిగ్గున లేచి నిలబడింది.

"కూసో అక్కా, వాళ్ళు నీళ్ళు తాగేదానికి నిలబడినారు," అంది కమలాక్షి.

ఆ జీపు కదిలి కనుమరుగయ్యేదాకా సిద్ధమ్మ కూర్చోలేదు.